కొత్త కారు మీద గీత… బాధ్యత ఎవరిది?

*షోరూము ‘మా దగ్గర పడలేదు’ అంటుంది. డ్రైవరు ‘నేను చూడలేదు’ అంటాడు. పార్కింగు దగ్గర ‘ఓనర్స్ రిస్క్’ బోర్డు వేలాడుతుంటుంది. ఎవరూ ఒప్పుకోని సొట్టకు చివరికి ఖర్చు కొన్నవాడిది, నింద పేదవాడిది అవుతోంది. చట్టం మాత్రం అలా చెప్పడం లేదు.*

గురువారం వచ్చిందంటే మంత్రాలయానికి కొత్త కార్లు వస్తాయి. రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుని, బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, అప్పుడు ఇంటిదారి పట్టడం ఈ పడమటి కర్నూలు పల్లెల్లో ఆనవాయితీ. ఆదోని పత్తి వ్యాపారి అయినా, ఎమ్మిగనూరు మగ్గం ఇంట్లో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కుర్రాడైనా, కోసిగి దగ్గర నాలుగు పంటలు కలిసొచ్చిన రైతైనా కొత్త బండిని ముందు స్వామి దగ్గరికే తెస్తారు. ఆ కారు వెనక ఏళ్ల పొదుపు ఉంటుంది, బ్యాంకు అప్పు ఉంటుంది, ఇంటిల్లిపాదీ కలిసి రంగు ఎంచుకున్న సంబరం ఉంటుంది.

పూజ అయ్యాక దండ తీస్తుంటేనో, ఇంటికొచ్చి తెల్లారి తడిబట్టతో తుడుస్తుంటేనో కంటపడుతుంది ఒక గీత. వెనక డోరు మీద జానెడు పొడవు. లేదంటే బంపరు మూలన చిన్న సొట్ట. నిన్న ఉందా? షోరూములో ఉందా? దారిలో లారీ చక్రం కింది రాయి ఎగిరి తగిలిందా? లాడ్జి ముందు ఎవరి హ్యాండిలైనా గీరుకుందా? ఎవరికీ తెలియదు. తెలియని చోట తగవు పుడుతుంది.

షోరూముకు ఫోను చేస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే: “మేం ఇచ్చినప్పుడు లేదు సార్, మీరు సంతకం పెట్టి తీసుకెళ్లారు కదా!” లాడ్జివాళ్లు బోర్డు చూపిస్తారు. ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆఖరికి మాట వచ్చి పడేది బండి కడిగిన కుర్రాడి మీదనో, షోరూము నుంచి తోలుకొచ్చిన డ్రైవరు మీదనో. ఎవరూ చూడని నష్టానికి బాధ్యుడిని ఎలా తేల్చాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దాని మీద మన సుప్రీంకోర్టూ, అమెరికా సుప్రీంకోర్టూ కూడా తీర్పులు ఇవ్వాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా

కొత్త కారు అనగానే అది నేరుగా ఫ్యాక్టరీ నుంచి మన చేతికి వచ్చిందనుకుంటాం. నిజానికి మధ్యలో అది చాలా చేతులు మారుతుంది. ఫ్యాక్టరీలో రంగు వేసి, పరీక్షించి, స్టాక్‌యార్డులో ఎండలో నిలబెడతారు. అక్కడి నుంచి పొడవాటి ట్రెయిలర్ల మీదికో, రైలు వ్యాగన్లలోకో ఎక్కిస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన కారైనా, హర్యానాలోనో తమిళనాడులోనో తయారైన కారైనా ప్రయాణం ఇదే తీరు. ఎక్కించేవాళ్లు వేరు, దింపేవాళ్లు వేరు. డీలరు యార్డుకు చేరాక వారాలో నెలలో అక్కడే ఉంటుంది. యార్డు నుంచి షోరూముకు ఒక డ్రైవరు తోలుతాడు, ఒకరు కడుగుతారు, ఒకరు పాలిష్ పెడతారు, మరొకరు సీటు కవర్లు, మ్యాట్లు వేస్తారు.

ఈ మజిలీల్లో ప్రతిచోటా గీత పడే వీలుంది. ట్రెయిలరు మీద బిగించే పట్టీలు ఒరుసుకోవచ్చు. రైలు పట్టాల నుంచి లేచే ఇనుప రజను రంగు మీద కూర్చుని చిన్న చిన్న తుప్పు చుక్కలు కావచ్చు. పక్షి రెట్ట ఎండలో ఎండి పైపూతను తినేయవచ్చు. ఇసుక ఉన్న బట్టతో తుడిస్తే వెలుతురులో సాలెగూడులాంటి సన్నటి గీతలు తేలతాయి. మన ప్రాంతపు ఉప్పు బోరునీళ్లతో కడిగి ఆరబెడితే తెల్ల మచ్చలు పడతాయి. పూజనాడు దండకు కట్టిన ఇనుప తీగ కూడా బానెట్టును గీరుతుంది.

కారు రంగు ఒక్క పూత కాదు. రేకు తుప్పు పట్టకుండా అడుగున ఒక పూత, దాని మీద ప్రైమరు, ఆ పైన రంగు, అన్నిటికీ మీద అద్దంలా మెరిసే క్లియర్ కోటు. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. గోరుతో అడ్డంగా రాస్తే తగలని గీత పైపూతకే పరిమితమైనట్టు, పాలిష్‌తో పోతుంది. గోరు ఇరుక్కుంటే రంగు దాకా దిగినట్టు. తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తే ప్రైమరు బయటపడినట్టు, ఇక ఆ భాగానికి మళ్లీ రంగు వేయాల్సిందే. ఒకసారి బయట రంగు వేశాక దానికి ఫ్యాక్టరీ రంగు విలువ ఉండదు. రేపు అమ్మబోయినప్పుడు కొనేవాడు మందం కొలిచే పరికరం పెట్టి చూస్తాడు, ధర తగ్గించి అడుగుతాడు. ఇంత చిన్న గీతకు అంత రాద్ధాంతమా అనేవాళ్లు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

గోవా కారు చెప్పిన పాఠం

2011లో గోవాలో ఒక వ్యక్తి టాటా ఇండిగో కొన్నారు. డబ్బు కట్టింది కొత్త 2011 మోడల్‌కు. చేతికొచ్చింది మాత్రం 2009లో తయారైన బండి. మీటరు అప్పటికే 622 కిలోమీటర్లు చూపిస్తోంది. కింది భాగం తుప్పు పట్టింది, గీతలున్నాయి. బండి మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి అని అడిగినా పని కాలేదు. ఆయన వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. డీలరు, కంపెనీ ఇద్దరూ బాధ్యులేనని జిల్లా ఫోరం చెప్పింది. రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ దాన్ని నిలబెట్టాయి. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2021 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కంపెనీని బాధ్యత నుంచి తప్పించింది, డీలరు మీది బాధ్యతను అలాగే ఉంచింది. కారణం సూటిగా ఉంది. డీలరు కంపెనీకి ఏజెంటు కాడు, సరుకు కొనుక్కుని తిరిగి అమ్ముకునే స్వతంత్ర వ్యాపారి. కారు కంపెనీ చేతి నుంచి వెళ్లి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ అది ఉన్నది డీలరు దగ్గరే. అమ్మేనాటికి అది ఏ స్థితిలో ఉందో కంపెనీకి తెలుసని కొనుగోలుదారు తన ఫిర్యాదులో చెప్పనూ లేదు, రుజువు చేయనూ లేదు.

ఈ తీర్పు వినియోగదారుడికి ఎదురుదెబ్బ అని కొందరు అనుకున్నారు. జాగ్రత్తగా చదివితే మనకు పనికొచ్చే సూత్రం అందులోనే ఉంది. గీత ఎవరు గీశారన్నది తేలకపోవచ్చు. ఆ కాలంలో కారు ఎవరి స్వాధీనంలో ఉందన్నది మాత్రం తేల్చవచ్చు. బాధ్యత ఆ స్వాధీనం వెంట నడుస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు పేర్లన్నీ కలిపి ఒక గుంపుగా రాసేయకుండా, ఎవరి దగ్గర ఎప్పుడు ఏం జరిగిందో విడివిడిగా రాయాలన్నది రెండో పాఠం. ఒక్క గీతకు మొత్తం కారునే మార్చమని పట్టుబట్టినా చెల్లకపోవచ్చు. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం, బాగుచేయడం వరకే అయితే, కారంతా మార్చమని ఆదేశించలేమని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి నష్టం ఎంతో అంతే అడగాలి, అడిగింది రుజువుతో అడగాలి.

అలబామా డాక్టరు, రంగేసిన బి.ఎం.డబ్ల్యూ.

అసలు కంటికి కనిపించని నష్టమైతే? 1990 జనవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక డాక్టరు 40,750 డాలర్లు పెట్టి బి.ఎం.డబ్ల్యూ. కారు కొన్నాడు. తొమ్మిది నెలల పాటు తేడా ఏమీ కనిపించలేదు. మరింత మెరుపు పెట్టిద్దామని ఒక దుకాణానికి తీసుకెళితే, ఇది మళ్లీ రంగేసిన బండి అని ఆ దుకాణం యజమాని పట్టేశాడు. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్లవర్షం వల్ల రంగు పాడైందని, 601 డాలర్ల ఖర్చుతో తిరిగి రంగు వేసి కొత్తదిగా అమ్మారని తర్వాత విచారణలో బయటికొచ్చింది. మరమ్మతు ఖర్చు కారు ధరలో 3 శాతం మించకపోతే డీలరుకు కూడా చెప్పకూడదన్నది అప్పట్లో ఆ కంపెనీ విధానం. అలా దేశమంతటా అమ్మిన కార్లు 983 అని లెక్క తేలింది.

జ్యూరీ కారు విలువలో పదోవంతు, అంటే 4,000 డాలర్లు నష్టపరిహారంగా, 40 లక్షల డాలర్లు శిక్షగా వేసింది. అలబామా సుప్రీంకోర్టు శిక్షను సగం చేసింది. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పిస్తూ అది కూడా మితిమీరిందని కొట్టేసింది. చివరికి శిక్ష 50,000 డాలర్ల దగ్గర ఆగింది. శిక్ష మొత్తం ఎంత ఉండాలన్న చర్చలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసునే చదువుతారు. సామాన్య కొనుగోలుదారుకు మాత్రం ముఖ్యమైన ఫలితం వేరే ఉంది. కేసు నడుస్తుండగానే కంపెనీ తన పద్ధతి మార్చుకుంది. ఎంత చిన్న మరమ్మతు చేసినా చెప్పే అమ్మాలని దేశమంతటికీ వర్తించేలా నియమం పెట్టుకుంది.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ మాటను స్పష్టంగా రాసింది. మరమ్మతు చేసిన, పునరుద్ధరించిన, పాత సరుకును కొత్తదని నమ్మించి అమ్మడం ఆ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు వినియోగదారుడిదని సెక్షన్ 2(9) చెబుతోంది. దారిలో సొట్ట పడితే యార్డులో టింకరింగ్ చేయించి, లప్పం పెట్టి, రంగు కొట్టి అమ్మడం తప్పించుకోలేని పరిస్థితి కావచ్చు. ఆ సంగతి దాచి పూర్తి ధరకు అమ్మడం మాత్రం తప్పే.

ఎవరు జవాబు చెప్పాలి?

‘గీత మా దగ్గరే పడిందని మీరు నిరూపించండి’ అన్నది షోరూములు, పార్కింగ్ యజమానులు వాడే పెద్ద ఆయుధం. కానీ చట్టం రుజువు భారమంతా ఫిర్యాదు చేసేవాడి మీదే వేయలేదు. ఒక విషయం ఒకరికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసే అవకాశముంటే దాన్ని రుజువు చేసే బాధ్యత వాళ్లదేనని భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 109 చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలో ఇదే సెక్షన్ 106. యార్డులో ఏం జరిగిందో యార్డువాళ్లకే తెలుసు. వాళ్ల సీసీ కెమెరా, వాళ్ల గేటు రిజిస్టరు, ట్రెయిలరు దింపినప్పటి రసీదు, డెలివరీకి ముందు చేసే తనిఖీ కాగితం అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. వాటిని చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు. అడిగినా చూపకపోతే ఆ మౌనాన్ని కమిషన్ దృష్టికి తీసుకురావచ్చు.

తాళంచెవి ఇచ్చి బండి అప్పగించినప్పుడు ఇంకో చట్టం వర్తిస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, అప్పగించిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకునేంత జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత తీసుకున్నవాడిది. సర్వీసుకిచ్చిన వర్క్‌షాపుకూ, తాళం తీసుకుని బండి పెట్టే హోటలుకూ ఇది ఒకటే. 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో వాలెట్ పార్కింగుకు ఇచ్చిన కారు దొంగతనానికి గురైంది. యజమాని రిస్కు మీదే పార్కింగ్ అని చీటీ మీద ఉందని హోటలు వాదించింది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. తాళం తీసుకున్నాక బండి పోయినా పాడైనా తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని హోటలే చూపించాలి, సొంత నిర్లక్ష్యాన్ని కప్పుకోవడానికి ఆ షరతు పనికిరాదు అన్నది.

తేడా ఒకటుంది. తాళం మన జేబులోనే పెట్టుకుని, జాగాకు మాత్రమే చీటీ కొనుక్కుని బండి నిలిపితే అది అప్పగింత కిందికి రావడం కష్టం. మంత్రాలయంలో రద్దీ రోజుల్లో బండి నిలిపేవాళ్లు దీన్ని గమనించాలి. తాళం ఇవ్వాల్సి వస్తే ఇచ్చే ముందు చుట్టూ ఒక వీడియో తీసి, చీటీ మీద సమయం రాయించుకోవాలి.

అయితే కొనుగోలుదారుకూ బాధ్యత ఉంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 16 చెప్పేది ఇది: సరుకు అమ్మకానికి తగిన నాణ్యతలో ఉండాలి, కానీ కొనేవాడు పరీక్షించి తీసుకుని ఉంటే, ఆ పరీక్షలో కనిపించి తీరాల్సిన లోపాలకు ఆ హామీ వర్తించదు. డెలివరీ రోజు ఫొటోల హడావిడిలో ‘వాహనం మంచి స్థితిలో అందింది’ అన్న కాగితం మీద చదవకుండా సంతకం పెడితే, రేపు బయటపడే గీతకు ఆ సంతకమే ఎదురు సాక్ష్యం. దాచిపెట్టిన రంగు, లప్పం లాంటి కంటికి ఆనని లోపాలకు మాత్రం ఆ సంతకం అడ్డు కాదు.

గీత కూడా సాక్ష్యమే

ఎవరూ చూడకపోయినా నష్టం తన గుర్తులు వదులుతుంది. గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే తగిలింది బైకు హ్యాండిలా, మరో కారు బంపరా, గోడా అన్నది ఊహించవచ్చు. ఒకవైపు లోతుగా మొదలై మరోవైపు పల్చబడితే రాపిడి ఏ దిశలో సాగిందో తెలుస్తుంది. బండి కదులుతుండగా తగిలిందా, నిలిచి ఉండగా తగిలిందా అన్నది కూడా అలాగే అంచనా వేయవచ్చు. గీతలో ఇంకో రంగు అంటుకుని ఉంటే దాన్ని కడగకుండా ఫొటో తీయాలి. రేకు బయటపడిన చోట అప్పటికే ఎర్రటి తుప్పు ఉంటే అది నిన్నటి గీత కాకపోవచ్చు.

మళ్లీ రంగేసిన బండికీ ఆనవాళ్లుంటాయి. పక్కపక్క భాగాల రంగు ఎండలో చిన్న తేడాతో కనిపిస్తుంది. డోరు చుట్టూ రబ్బరు మీద రంగు చుక్కలుంటాయి. పైపూత నారింజ తొక్కలా గరుకుగా ఉంటుంది. బానెట్టు, ఫెండరు బోల్టుల మీద స్పానరు పెట్టిన గీతలుంటాయి. టైరు మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. చాసిస్ నంబరులో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. వీటిని బిల్లుతో పోల్చి చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇవన్నీ గమనించే ఓపిక చాలామందికి ఉండదు. గీత చూసిన కోపంలో ముందు దాన్ని తుడిచేస్తారు, లేదా తెలిసిన మేస్త్రీ దగ్గర టచప్ చేయిస్తారు. దాంతో సాక్ష్యం పోతుంది. తేలేదాకా ఆ చోటును ముట్టుకోకపోవడం మొదటి నియమం.

నింద మోసేది ఎవరు?

ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధపెట్టే విషయం డబ్బు కాదు. కారణం తెలియని నష్టం ఎప్పుడూ కిందికే జారుతుంది. యార్డు డ్రైవరు జీతంలో కోత పెడతారు. వాషింగ్ కుర్రాడిని పనిలోంచి తీసేస్తారు. లాడ్జి ముందు బండ్లు సర్దే మనిషిని నలుగురిలో నిలదీస్తారు. ‘నువ్వే గీశావు’ అనడానికి ఆధారం ఏమిటంటే, అతను ఆ దగ్గర్లో ఉన్నాడు, ఎదురు చెప్పలేడు.

చట్టం దీన్ని ఒప్పుకోదు. నష్టం నేరుగా పనివాడి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలకుండా, తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా జీతంలో కోయకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ సెక్షన్ 21 కూడా అదే చెబుతోంది. పోలీసు కేసు పెడతామని బెదిరించడం కూడా అంతే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 ప్రకారం ఆస్తికి నష్టం చేయడం నేరమే. 20 వేల నుంచి లక్ష లోపు నష్టానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. కానీ అది ఉద్దేశపూర్వకంగానో, నష్టం జరుగుతుందని తెలిసో చేసినప్పుడే. పొరపాటున బకెట్టు తగిలి గీత పడితే అది నేరం కాదు, పరిహారం విషయం. పగతో మేకుతో గీసినవాడినీ, బండి తుడుస్తూ పొరపడినవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

మరి ఏం చేయాలి? ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ అనే చీటీ వస్తుంది. ఎంత తూకం, ఏ ధర, ఎవరు కొన్నారు అన్నది అందులో ఉంటుంది కాబట్టి మర్నాడు మాట మార్చే వీలుండదు. లక్షల ఖరీదు చేసే కారు చేతులు మారే ప్రతి చోటా అలాంటి రాత ఒకటి ఉంటే చాలు. ట్రెయిలరు దింపినప్పుడు, యార్డు నుంచి షోరూముకు తెచ్చినప్పుడు, ఫిట్టింగు పూర్తయ్యాక, కొనుగోలుదారుకు ఇచ్చేటప్పుడు కారు బొమ్మ మీద గీతలు గుర్తించి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ కాగితం కొనుగోలుదారును కాపాడుతుంది, నిజాయితీగల డీలరును కాపాడుతుంది, నోరులేని పనివాడిని అందరికంటే ఎక్కువగా కాపాడుతుంది.

బీమాకు వెళ్లాలా?

కారణం తేలకపోతే బీమా ఉంది కదా అనుకుంటాం. ప్యాకేజీ పాలసీలో ప్రమాదంతో పాటు దురుద్దేశంతో చేసిన నష్టమూ, రోడ్డు మీదనో రైల్లోనో తరలించేటప్పుడు జరిగే నష్టమూ ఉంటాయి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారు గీతకు పైసా రాదు. అయినా చిన్న గీతకు క్లెయిము వేసేముందు లెక్క చూసుకోవాలి.

ఉదాహరణకు ఒక డోరు రంగుకు 8,000 రూపాయలు బిల్లు అయిందనుకుందాం. మామూలు పాలసీలో రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం తగ్గిస్తారు. అంటే వెయ్యి పోతుంది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనమే భరించాల్సింది ఇంకో వెయ్యి. వచ్చేది 6,000. దాంతోపాటు మరుసటి ఏడాది సొంత నష్టం ప్రీమియంలో రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే మొదటి కోత ఉండదు, మిగతావి ఉంటాయి. అదీగాక డీలరు దగ్గర పడిన గీతకు మన పాలసీ మీద క్లెయిము వేయించి, ‘మీకేం ఖర్చు కాలేదు కదా’ అని పంపేయడం సరికాదు. ఎవరి నిర్లక్ష్యమో వాళ్లే భరించాలి. బీమా కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే తెలుగు రాష్ట్రాలకు హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ ఫీజు లేదు.

మాట తేలకపోతే కర్నూలు కమిషన్

మన దగ్గర తగవు ముందు పెద్దమనుషుల్లో పెట్టడం అలవాటు. కారు విషయంలోనూ ముందు మాటతోనే తేల్చుకోవడం మంచిది. కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి. గీత చూసిన రోజే డీలరుకు ఫొటోలతో ఈమెయిలు పంపాలి, కంపెనీ కస్టమర్ కేర్ దగ్గర ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. న్యాయమైన పరిష్కారాలు చాలానే ఉన్నాయి: రిజిస్ట్రేషను ముందైతే వేరే బండి, తర్వాతైతే కంపెనీ వర్క్‌షాపులో డీలరు ఖర్చుతో రంగు, దానికి రాతపూర్వక హామీ, తగ్గిన విలువకు కొంత నగదు.

అవేవీ కుదరకపోతే 1915కు ఫోను చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి తెలుగులోనూ మాట్లాడుతుంది. ఆ తర్వాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల రూపాయల దాకా ధర చెల్లించిన సరుకు కేసులు అక్కడికే వస్తాయి. 5 లక్షల లోపు ధరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల దాకా 400 రూపాయలు. గడువు రెండేళ్లు. లాయరు తప్పనిసరి కాదు.

ఈ ప్రాంతం వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లలో కొందరు బళ్ళారిలో కారు కొంటారు. రాష్ట్రం మారింది, ఇక బళ్ళారి చుట్టూ తిరగాలి అనుకుని వదిలేస్తారు. అక్కర్లేదు. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. కర్నాటక షోరూము మీద కూడా కర్నూలు కమిషనులో ఫిర్యాదు చెల్లుతుంది. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. ఆన్‌లైనులో ఫిర్యాదు దాఖలు చేసే సదుపాయం ఉంది. వీడియో ద్వారా విచారణ కోరడానికి కూడా చట్టంలో చోటుంది. రాజీకి వీలున్న కేసుల్ని మధ్యవర్తిత్వానికి పంపే ఏర్పాటు కమిషన్లకు ఉంది. గీతల తగవులు చాలావరకు అక్కడ తెగేవే.

డెలివరీ రోజు ఇవి చేయండి

• పూర్తి డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషను కాకముందే యార్డులో పగటి వెలుతురులో బండి చూడండి. రాత్రి లైట్ల కింద, వాన తడి మీద చూడొద్దు.

• చాసిస్ నంబరు, టైర్ల తేదీలు, మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. బిల్లు మీదా అదే నంబరు ఉందో లేదో చూడండి.

• బండి చుట్టూ ఆగకుండా ఒకే వీడియో తీయండి. పైకప్పు, బంపరు కింది అంచులు, డోరు అంచులు వదలొద్దు. అసలు ఫైలు ఫోనులో భద్రంగా ఉంచండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది.

• డెలివరీకి ముందు చేసిన తనిఖీ కాగితం కాపీ అడగండి. గీత కనిపిస్తే డెలివరీ పత్రం మీద అక్కడే రాసి, షోరూము ముద్ర వేయించండి. అప్పుడే సంతకం పెట్టండి.

• తాత్కాలికమో శాశ్వతమో రిజిస్ట్రేషను లేకుండా బండి ఇవ్వడం కేంద్ర మోటారు వాహనాల నియమం 42కు విరుద్ధం. బీమా పత్రం కూడా చేతికొచ్చాకే బయల్దేరండి.

• తర్వాత గీత కనిపిస్తే కడగొద్దు, టచప్ చేయించొద్దు. బండి నిలిపిన ప్రతి చోటా సీసీ కెమెరా రికార్డు కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి. పాత రికార్డు మీద కొత్తది పడటానికి ఎక్కువ రోజులు పట్టదు.

• సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా జాబ్‌కార్డు మీద అప్పటికే ఉన్న గీతలు రాయించండి. పెళ్లికని బంధువులకు ఇచ్చినా రెండు ఫొటోలు తీసుకోండి. అందులో మొహమాటం పడాల్సిందేమీ లేదు.

ఈ జాగ్రత్తలన్నీ కొనేవాడి మీదే వేసి ఊరుకోలేం. కర్నూలు, ఆదోని, బళ్ళారి డీలర్లకు ఒక విజ్ఞప్తి. ప్రతి కారుకూ ట్రెయిలరు దిగిన రోజు నుంచి చేతులు మారిన చిట్టా రాయండి, అడగకముందే కొనుగోలుదారుకు ఒక కాపీ ఇవ్వండి. చేసిన మరమ్మతు ఏదైనా ఉంటే చెప్పి, ధర తగ్గించి అమ్మండి. రవాణా శాఖ అధికారులు, జిల్లా వినియోగదారుల సంఘాలు దీన్ని అలవాటుగా మార్చే పని మొదలుపెట్టాలి. ఇక కారు కొన్న ప్రతి కుటుంబానికీ ఒక మాట: బండి మీద గీత చూసి ముందు ఎవరిని తిట్టాలా అని వెతకొద్దు. ఆ సమయంలో బండి ఎవరి స్వాధీనంలో ఉందో వెతకండి, వాళ్లను రాతపూర్వకంగా జవాబు అడగండి. రుజువు లేకుండా ఏ పేదవాడి జీతమూ, పరువూ తీయకండి.